జైలు గేటు దాటాక కంపెనీ గేటు

జైలు నుంచి విడుదలైన మనిషికి వెంటనే ఒక జీతపు పని ఇచ్చి, ఆ పని నడిచే కొన్ని నెలల్లోనే మామూలు ఉద్యోగానికి దారి చూపే ఏర్పాటును సంధికాల ఉపాధి అనవచ్చు. ఇది శిక్షణ కార్యక్రమం కాదు. శిక్షణలో ముందు నేర్పుతారు, పని ఆ తర్వాత దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. ఇక్కడ పని మొదటి వారంలోనే మొదలవుతుంది, నేర్చుకోవడం పనిలో భాగంగా సాగుతుంది. జైలు లోపల చేయించే పనితోనూ దీన్ని కలపకూడదు. బయటికి వచ్చినవాడు తన ఇష్టంతో చేరతాడు, ఇష్టం లేకపోతే మానేస్తాడు, బయట నడుస్తున్న జీతమే తీసుకుంటాడు. ఈ ఏర్పాటు మూడింటి మీద నిలుస్తుంది. మొదటిది ఆలస్యం లేకుండా చేతికందే డబ్బు. రెండోది, తప్పు చేస్తే గెంటేయకుండా సరిదిద్దే సూపర్‌వైజర్. మూడోది, గడువు ముగిసేలోపు తర్వాతి ఉద్యోగం వెతికిపెట్టే మనిషి. మూడోదే అన్నిటికన్నా కష్టం, కార్యక్రమాల్లో తరచూ ఎగిరిపోయేదీ అదే.

సంగారెడ్డి జిల్లాలో జైలు గేటుకూ కంపెనీ గేటుకూ మధ్య దూరం ఎక్కువేమీ కాదు. ఇప్పటి జైలు కంది దగ్గర ఉంది. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం ఉన్నదీ ఆ కందిలోనే. అక్కడి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ వైపు బయలుదేరితే రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి దాటి దాదాపు ఇరవై కిలోమీటర్లలో పటాన్‌చెరు వస్తుంది. ఇస్నాపూర్ దగ్గర లోపలికి తిరిగితే పాశమైలారం పారిశ్రామికవాడ. పటాన్‌చెరు దాటి ఉత్తరానికి పోతే బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. పడమటి దిక్కున సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం. తెలంగాణలో చర్లపల్లి జైలును మినహాయిస్తే, జైలుకు ఇంత చేరువలో ఇన్ని ఫ్యాక్టరీలున్న చోటు చూపించడం కష్టం.

సంగారెడ్డి పట్టణంలోని పాత జైలు కథ వేరు. 1796 నాటి ఆ కట్టడాన్ని 2016లో మ్యూజియంగా మార్చారు. ఐదు వందల రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీ బట్టలు వేసుకుని, జైలు తిండి తిని, బ్యారక్‌లో పడుకునే అవకాశం అక్కడ కల్పించారు. ఆ సందర్శకుడికి మర్నాడు వెళ్లడానికి ఇల్లూ ఉద్యోగమూ ఉంటాయి. కందిలో గేటు దాటేవాడికి ఆ రెండింటిలో ఒకటైనా మిగిలి ఉంటే అదృష్టమే.

విడుదలైన తర్వాతి మొదటి కొన్ని వారాలకే ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, అప్పులవాళ్లు, పాత స్నేహితులు, కోర్టు ఖర్చులు అన్నీ ఆ వారాల్లోనే మీద పడతాయి. మనిషి లోపల ఉన్నన్నాళ్లూ వకీలు ఫీజుకూ షూరిటీకీ ఇంటివాళ్లు అప్పు చేసి ఉంటారు. బంగారం కుదువకు పోయి ఉంటుంది. బయటికొచ్చినవాడు అన్నం తినడానికి కూడా మొహమాటపడే పరిస్థితి. అదే సమయంలో పాత దోస్తు ఒకడు వచ్చి చేతిలో నాలుగు నోట్లు పెడతాడు. సంధికాల ఉపాధి లెక్కంతా ఆ దోస్తు రాకముందే మొదటి జీతం చేతిలో పడేలా చూడడం.

పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు ఒక్కసారిగా పుట్టలేదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. 1970ల్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడ రూపుదిద్దుకోవడం మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాక ఫ్యాక్టరీల రాక జోరందుకుంది. తొలినాళ్లలో బీహెచ్ఈఎల్‌లో చేరినవాళ్లకు పర్మినెంట్ ఉద్యోగం, క్వార్టర్, క్యాంటీన్ అన్నీ ఉండేవి. ఆ తర్వాత వచ్చిన మందుల కంపెనీలు, రసాయనాల యూనిట్లు, ప్లాస్టిక్, ప్యాకింగ్ షెడ్లు ఆ పద్ధతిలో నడవలేదు. ఇప్పుడు ఇక్కడి కూలీల్లో పెద్ద భాగం లేబర్ కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లే. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చి ఇస్నాపూర్, పాశమైలారం గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు.

ఈ కూలి మార్కెట్‌కు రెండు తలుపులున్నాయి. ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అడ్డా మీద నిలబడితే మేస్త్రీ వచ్చి నలుగురిని లోడింగుకు తీసుకెళ్తాడు, పేరు కూడా సరిగా అడగడు. జైలుకెళ్లొచ్చినవాడైనా కాకపోయినా అతనికి ఒకటే. రెండో తలుపు వెనక పీఎఫ్, ఈఎస్ఐ, జీతం స్లిప్పు, ఏడాదికోసారి పెరిగే జీతం ఉంటాయి. ఆ తలుపు దగ్గర హెచ్ఆర్ గుమస్తా పోలీసు వెరిఫికేషన్ అడుగుతాడు. అందుకే ఈ ప్రాంతంలో విడుదలైనవాడికి పనే దొరకదనడం తప్పు. దొరికే పని రేపు ఉంటుందో లేదో తెలియదు, ఎన్నాళ్లు చేసినా దానికి కాగితం మీద గుర్తు ఉండదు. అసలు ఇబ్బంది అది. సంధికాల ఉపాధి మొదటి తలుపుకూ రెండో తలుపుకూ మధ్య మెట్టు కావాలి. మొదటి తలుపులాంటిదే ఇంకొకటి తెరిస్తే కొత్తగా ఒరిగేదేమీ లేదు.

పెట్రోలు బంకు

తెలంగాణలో ఈ దిశగా జరిగిన పనుల్లో జనం కంటికి బాగా కనిపించేది జైళ్ల శాఖ పెట్రోలు బంకులు. హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు ముందు బండిలో పెట్రోలు పోయించుకున్నవాళ్లు నగరంలో లక్షల్లో ఉంటారు. వి.కె. సింగ్ జైళ్ల శాఖ అధిపతిగా ఉన్న కాలంలో ఈ బంకులు జిల్లాలకూ విస్తరించాయి. జైలు ఉత్పత్తులను ‘మై నేషన్’ పేరుతో అమ్మే దుకాణాలూ అప్పట్లోనే పేరు తెచ్చుకున్నాయి. బంకుల్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీలతో పాటు శిక్ష ముగించుకుని విడుదలైనవాళ్లకూ నెల జీతానికి పని ఇచ్చారు.

ఈ పనికి పెట్రోలు బంకు ఎందుకు కుదిరిందో గమనించాల్సిన విషయం. స్థలం జైలు శాఖదే, చాలా చోట్ల ప్రధాన రహదారి పక్కనే ఉంది. చమురు కంపెనీ సరుకు ఇస్తుంది, అమ్మకం మీద కమీషన్ వస్తుంది. ఆ ఆదాయంలోంచే జీతాలు పోతాయి కాబట్టి ఏటా బడ్జెట్ కోసం ఎవరి ముందూ చేయి చాచనక్కర్లేదు. పని నేర్చుకోవడానికి నాలుగు రోజులు చాలు. షిఫ్టు ఉంటుంది, యూనిఫాం ఉంటుంది, చివర్లో లెక్క అప్పజెప్పడం ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, చేతిలో డబ్బు ఉంటుంది. రోజుకు వేల రూపాయలు చేతుల మీదుగా పోయే చోట, దొంగతనం కేసులో శిక్షపడ్డ మనిషిని నిలబెట్టి సాయంత్రానికి లెక్క సరిపోయిందని రాసుకోవడం ఏ ప్రవచనం కన్నా బలమైన సర్టిఫికెట్. కల్తీ, కొలతలో మోసం లేని బంకన్న పేరు వస్తే వాహనదారులు కావాలని అక్కడికే వస్తారు. జనానికీ విడుదలైనవాళ్లకూ మధ్య రోజువారీ పరిచయం ఏర్పడే చోట్లు మన సమాజంలో చాలా తక్కువ. బంకు అలాంటిది.

2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం సత్ప్రవర్తన ఆధారంగా 213 మంది ఖైదీలను ఒకేసారి విడుదల చేసింది. వాళ్లలో ఎక్కువమంది జీవిత ఖైదీలు, 35 మంది మహిళలు. అప్పుడు కూడా కొందరికి శాఖ నడిపే బంకుల్లో పని చూపించారు. పదేళ్లకు పైగా లోపల ఉన్న మనిషికి బయటికొచ్చిన రోజే ఫలానా చోట డ్యూటీ అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. జీవిత ఖైదు అనుభవించినవాడు లోపలికి వెళ్లేనాటికి అతని చేతిలో స్మార్ట్‌ఫోన్ లేకపోవచ్చు, ఫోన్‌పే అప్పటికి రాలేదు. బంకులో నిలబడ్డ మొదటి రోజే క్యూఆర్ కోడ్ అంటే ఏమిటో తెలుసుకోవాలి.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. బంకులో ఉద్యోగాల సంఖ్య పరిమితం, ఒక బంకుకు పట్టేది కొద్దిమందే. చేరినవాడు కదలకపోతే తర్వాత విడుదలైనవాడికి చోటుండదు. చేరినవాడిని కదిలించాలంటే వేరే కంపెనీలో అతనికి పని చూపించాలి. అందువల్ల బంకు సంధికాల ఉపాధిలా మొదలై, రెండో మెట్టు లేకపోవడంతో కొందరికి శాశ్వత ఉద్యోగంగా స్థిరపడిపోయే ప్రమాదం ఉంది. అలా స్థిరపడ్డవాళ్లకు అది మంచిదే కావచ్చు, గేటు బయట వరుసలో ఉన్నవాళ్లకు కాదు. మహిళల విషయంలో మరో అలవాటు కనిపిస్తుంది. పునరావాసం అనగానే కుట్టు మిషన్ గుర్తుకొస్తుంది. మిషన్ ఒక ఆస్తి, అందులో సందేహం లేదు. కానీ గిరాకీ వచ్చేదాకా అది ఒక్క రూపాయి సంపాదించదు, ఊరివాళ్లు బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చేంత నమ్మకం ఏర్పడటానికి నెలలు పడుతుంది. మొదటి నెల జీతం సమస్య అలాగే ఉండిపోతుంది.

స్టువర్టుపురం నేర్పిన పాఠం

నేరం ముద్ర పడ్డవాళ్లకు పని ఇవ్వడం తెలుగునేల మీద కొత్త ఆలోచన కాదు. దాని పాత రూపం అంత మెచ్చుకోదగినదీ కాదు. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవంటి సముదాయాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేశారు. 1910ల్లో మద్రాసు ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చిన సెటిల్‌మెంట్లలో స్టువర్టుపురం ఒకటి, ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడివాళ్లను చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. కంపెనీకి చవగ్గా కూలీలు దొరికారు, ప్రభుత్వానికి నిఘా సులువైంది. పనిచేసేవాళ్లకు హాజరు వేయించుకోకుండా ఊరు దాటే స్వేచ్ఛ మాత్రం లేదు. దేశవ్యాప్తంగా ఆ చట్టం 1952లో రద్దయింది, ముద్ర మాత్రం తరాల పాటు నిలిచింది.

1970ల్లో అదే స్టువర్టుపురంలో హేమలతా లవణం, లవణం దంపతులు వేరే దారిలో పనిచేశారు. హేమలత కవి గుర్రం జాషువా కూతురు, లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. వాళ్ల సంస్కార్ సంస్థ ఇళ్లకు వెళ్లి మాట్లాడటం, పిల్లల చదువు, పోలీసులతో మధ్యవర్తిత్వం, బతుకుతెరువు కలిపి చూసింది. ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. పని ఇచ్చేవాడి చేతిలోనే నిఘా అధికారం కూడా ఉంటే ఆ పని రెండో జైలవుతుంది. ఈనాటి కార్యక్రమాల్లోనూ జైలు శాఖే యజమాని అయినప్పుడు ఈ ప్రశ్న కొంత మేరకు ఉంటుంది. బంకులో ఆలస్యంగా వచ్చినవాడిని మందలించే అధికారి నిన్నటిదాకా అతనికి జైలరు. అందుకే కొన్ని దేశాల్లో ఈ పనిని ప్రభుత్వం డబ్బిచ్చి స్వచ్ఛంద సంస్థల చేత నడిపిస్తుంది.

చట్టం ఏమంటుంది

జైలులో చేసే కష్టానికి కూలి ఇవ్వాలన్న వాదనకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1988లోనే బలం చేకూర్చింది. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు కఠిన శిక్ష అనుభవించే ఖైదీలకు న్యాయమైన వేతనం చెల్లించాలని, దాన్ని నిర్ణయించే యంత్రాంగాన్ని రాష్ట్రాలు ఏర్పాటు చేసుకోవాలని, అందులో కొంత భాగం బాధితులకు చేరే వీలు చూడాలని చెప్పింది. విడుదల నాటికి ఖైదీ చేతిలో కొంత సొమ్ము ఉండే ఆధారం ఆ వేతనమే. 2016 నమూనా జైలు మాన్యువల్‌లో విడుదల తర్వాతి సంరక్షణకూ పునరావాసానికీ ప్రత్యేక అధ్యాయం ఉంది. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ల చట్టమూ ఆ బాధ్యతను గుర్తించింది. రెండూ నమూనాలే. రాష్ట్రం స్వీకరించి, నిధులు కేటాయించి, మనుషులను పెడితేనే అమలు.

1958 ప్రొబేషన్ చట్టంలోని 12వ సెక్షన్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఆ చట్టం కింద మందలింపుతోనో ప్రొబేషన్ మీదో విడిచిపెట్టిన వ్యక్తికి, నేరం రుజువైనందువల్ల కలిగే అనర్హతలు వర్తించవని అది చెబుతుంది. హెచ్ఆర్ విభాగంలో ఈ సెక్షన్ ప్రస్తావిస్తే వినేవాళ్లు అరుదు కావచ్చు, కానీ చట్టం స్పష్టంగానే ఉంది. మరోవైపు కొన్ని ఉద్యోగాల దారిని చట్టమే ఇరుకు చేస్తుంది. పారిశ్రామికవాడల్లో చదువు తక్కువ ఉన్న మధ్యవయసు మగవాడికి సులువుగా దొరికేది సెక్యూరిటీ గార్డు పని. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డు ప్రవర్తన, పూర్వచరిత్ర తనిఖీ తప్పనిసరి. దాంతో పటాన్‌చెరులో అత్యధికంగా కనిపించే ఉద్యోగాల్లో ఒకటి విడుదలైనవాళ్ల జాబితాలోంచి దాదాపు తొలగిపోతుంది.

వాయిదా ఉన్నవాడి సంగతి

ఇప్పటిదాకా చెప్పిన ఏర్పాట్లన్నీ శిక్ష పడ్డవాళ్ల కోసమే. భారతదేశపు జైళ్లలో ఉన్నవాళ్లు ప్రధానంగా వాళ్లు కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం దేశంలోని ఖైదీలు 5,73,220 మంది, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి డెబ్బై ఐదుగురికి పైనే. వీళ్లు మూడు నెలలో ఆరు నెలలో రెండేళ్లో ఉండి బెయిల్ మీద వచ్చేస్తారు. జైల్లో వీళ్ల చేత పని చేయించే నిబంధన లేదు కాబట్టి చాలామందికి కూలి ఉండదు. శిక్షణ తరగతులు పూర్తయ్యేదాకా ఉంటారన్న నమ్మకం లేదు. సత్ప్రవర్తన విడుదల సభల్లో వీళ్ల పేర్లు రావు. ఒక సాయంత్రం బెయిల్ కాగితం జైలుకు చేరుతుంది, చేతిసంచీతో బయటికొస్తారు. ఉద్యోగం పోవడానికి, ఇంటద్దె బాకీపడటానికి, మేస్త్రీ వేరేవాణ్ని పెట్టుకోవడానికి మూడు నెలలు చాలు.

బెయిల్ మీద ఉన్నవాడి ఉద్యోగానికి వాయిదా పెద్ద గండం. సంగారెడ్డి కోర్టులో పొద్దున పదిన్నరకు హాజరవ్వాలి, పేరు పిలిచేది మధ్యాహ్నం కావచ్చు, న్యాయమూర్తి సెలవైతే మరో తేదీ వేస్తారు. కొందరికి వారానికోసారి పోలీసు స్టేషన్‌లో సంతకం పెట్టాలన్న షరతు ఉంటుంది. కాంట్రాక్టు కూలీకి సెలవంటే ఆ రోజు కూలి పోవడమే. నెలలో రెండుసార్లు రాకపోతే మూడోసారి గేటు పాస్ ఆగిపోతుంది. పనికే వెళ్లి వాయిదా ఎగ్గొడితే వారంటు వస్తుంది, పోలీసు నేరుగా కంపెనీ గేటుకే వస్తాడు, అప్పటిదాకా దాచుకున్నది అందరికీ తెలిసిపోతుంది. వాయిదా తేదీలను ముందే డ్యూటీ చార్టులో రాసుకుని, ఆ రోజు షిఫ్టు మార్చే సూపర్‌వైజర్ ఒకరుంటే ఈ ఉద్యోగాల్లో చాలా నిలబడతాయి. ఈ మాత్రం సౌకర్యానికి పైసా ఖర్చు లేదు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్, అంతకు ముందు ఏ కేసులోనూ శిక్షపడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే బాండు మీద విడిచిపెట్టాలంటోంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. 2023లో కేంద్రం ప్రకటించిన పేద ఖైదీల సహాయ పథకం బెయిల్ సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25,000 వరకు సాయాన్ని ఆరంభంలో నిర్ణయించింది. రెండూ మనిషిని గేటు దాటించేవి. దాటాక ఎక్కడికన్న విషయం ఈ రెండింటి పరిధిలో లేదు.

కాగితాల చిక్కు

పని దొరికినా చేరడానికి అడ్డుపడేవి చాలాసార్లు చిన్న చిన్న కాగితాలు. ప్రీపెయిడ్ సిమ్ మూడు నెలల పాటు వాడకపోతే నంబరు పోయే అవకాశం ఉంది. ఆధార్‌కు జత అయినది ఆ నంబరే కాబట్టి ఓటీపీ రాదు. బ్యాంకు ఖాతాలో రెండేళ్లు లావాదేవీ లేకపోతే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అది నిద్రాణ ఖాతా అవుతుంది, మళ్లీ కేవైసీ ఇవ్వాలి. కేవైసీకి చిరునామా రుజువు కావాలి, అద్దె ఇల్లు ఎప్పుడో పోయింది. పాత పీఎఫ్ ఖాతా నంబరు గుర్తుండదు, గుర్తున్నా దానికీ ఆ చచ్చిపోయిన సిమ్‌కే ఓటీపీ వెళ్తుంది. ఇవేవీ లేకుండా కంపెనీ జీతం వేయలేదు, కాంట్రాక్టర్ ఈఎస్ఐ కార్డు తీయలేడు. అప్పుడతను ఏ కాగితమూ అడగని అడ్డా వైపే నడుస్తాడు.

విడుదలకు నెల ముందు ఆధార్ నవీకరణ శిబిరం జైలు లోపల పెట్టడం, జీరో బ్యాలెన్స్ ఖాతాను బతికించి ఉంచడం, జైలు కూలిని ఆ ఖాతాలోనే జమ చేయడం వంటివి చేస్తే ఈ చిక్కుల్లో సగం తీరతాయి. సంధికాల ఉపాధికి అయ్యే ఖర్చంటే అందరికీ జీతాలే గుర్తొస్తాయి. చాలా చోట్ల అసలు ఫలితం ఇచ్చేది ఆ మనిషిని వెంటబెట్టుకుని మీసేవ దగ్గరికి, బ్యాంకు దగ్గరికి తిరిగే ఒక కార్యకర్త.

బయటి అనుభవం

ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 1990లో మొదలుపెట్టిన ప్రయాస్ అలాంటి కార్యకర్తల మీదే నడుస్తోంది. జైళ్లలో, కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో వీళ్లు విచారణ ఖైదీలను కలుస్తారు. విడుదలైనవాళ్లను స్టైపెండు ఇచ్చి ఇతర స్వచ్ఛంద సంస్థల్లో ట్రైనీలుగా చేరుస్తారు. అక్కడ పనికి వేళకు రావడం, పదిమందితో మెలగడం అలవాటయ్యాక బయటి ఉద్యోగం చూస్తారు. మన దేశంలో సంధికాల ఉపాధి అసలు రూపానికి దగ్గరగా ఉన్నది ఇదే. ఢిల్లీ తిహార్ జైలు 2011లో కంపెనీలను లోపలికే పిలిచి, విడుదలకు దగ్గరపడ్డ ఖైదీలకు ఇంటర్వ్యూలు జరిపించింది.

అమెరికాలో ఈ విధానం మీద గట్టి పరిశోధన జరిగింది. న్యూయార్క్‌లో 1970ల్లో మొదలై 1996లో స్వతంత్ర సంస్థగా ఏర్పడిన సెంటర్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీస్, విడుదలైనవాళ్లను చిన్న చిన్న బృందాలుగా ప్రభుత్వ భవనాల నిర్వహణ, శుభ్రత పనులకు పంపి, ఏ రోజు జీతం ఆ రోజే ఇచ్చేది. వారంలో ఒక రోజు ఉద్యోగ వేటకు వదిలేవారు. 2004-05లో చేరిన 977 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి మూడేళ్ల పాటు పరిశీలించారు. కార్యక్రమంలో చేరినవాళ్లకు మొదటి నెలల్లో ఉపాధి బాగా పెరిగింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల మధ్య ఆ తేడా చెరిగిపోయింది. కానీ మళ్లీ నేరానికి, జైలుకు వెళ్లడం మాత్రం తగ్గింది, అందులోనూ విడుదలైన మూడు నెలల లోపే చేరినవాళ్లలో ఎక్కువగా తగ్గింది. అయితే షికాగో, డెట్రాయిట్, మిల్వాకీ, సెయింట్ పాల్ నగరాల్లో జరిగిన మరో పరిశీలనలో నేరాల తగ్గుదల కనిపించలేదు. 1970ల నాటి ఇంకో పెద్ద ప్రయోగాన్ని పరిశోధకుడు క్రిస్టఫర్ అగెన్ 2000లో తిరిగి పరిశీలించి, 26 ఏళ్లు దాటినవాళ్లలో పని ఇవ్వడం నేరాన్ని తగ్గించిందని, అంతకన్నా చిన్నవాళ్లలో ఆ ప్రభావం లేదని చూపించాడు.

వీటి నుంచి పటాన్‌చెరుకు పనికొచ్చే సంగతులు తేలుతున్నాయి. ఆలస్యంగా ఇచ్చే సాయం కన్నా మొదటి వారాల్లో ఇచ్చేది ఎక్కువ ఫలిస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికీ నలభై ఏళ్ల కుటుంబీకుడికీ ఒకే మందు పనిచేయదు. తాత్కాలిక పని తనంతట తానుగా శాశ్వత ఉద్యోగంగా మారదు. అమెరికాలో 1966 నుంచి ఉన్న ఇంకో చిన్న ఏర్పాటు కూడా గమనించదగ్గది. విడుదలైనవాడిని పనిలో పెట్టుకున్న యజమానికి మొదటి ఆరు నెలలు ప్రభుత్వం ఉచితంగా బీమా ఇస్తుంది. ఆ ఉద్యోగి దొంగతనం చేస్తే నష్టపరిహారం వస్తుంది. యజమాని భయానికి ఒక ధర కట్టి, ఆ ధర ప్రభుత్వం చెల్లించడమన్నమాట. పటాన్‌చెరు కంపెనీల హెచ్ఆర్‌లకు ఉపన్యాసాల కన్నా ఇలాంటి కాగితం త్వరగా అర్థమవుతుంది.

ఏ పని, ఎవరి చేతికింద

పారిశ్రామికవాడలో అన్ని పనులూ ఇందుకు తగవు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల కూలీలు. రియాక్టర్లు, డ్రయ్యర్లు, ద్రావకాల మధ్య పనికి తగిన శిక్షణ లేనివాణ్ని పెట్టడమే తప్పు. ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషిని పెట్టడం అంతకన్నా తప్పు. విడుదలైనవాడు ప్రమాదం ఉందని తెలిసినా నోరు విప్పడు, పని పోతే మళ్లీ దొరకదన్న భయం అతన్ని ఆపుతుంది. చవగ్గా దొరికే, ప్రశ్నించని కూలీగా అతన్ని చూసే కాంట్రాక్టర్ చేతికి ఈ కార్యక్రమం చిక్కితే చీరాల పొగాకు గోదాముల కథ పునరావృతమవుతుంది.

ప్యాకింగ్, గోదాముల్లో సరుకు సర్దడం, క్యాంటీన్, తోటపని, ప్యాలెట్ల మరమ్మతు, వెల్డింగ్ సహాయకుడి పని వంటివి మొదటి నెలలకు సరిపోతాయి. చర్లపల్లి జైలులో ఉక్కు ఫర్నిచర్ తయారీ నేర్చుకున్నవాడు ఫ్యాబ్రికేషన్ షెడ్డులో మొదటి రోజు నుంచే పనికొస్తాడు. కంపెనీల చట్టం 2013 ప్రకారం నిర్ణీత పరిమితులు దాటిన సంస్థలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి, ఉపాధి నైపుణ్యాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఈ ప్రాంతపు పెద్ద కంపెనీలు ఆ డబ్బుతో బడి గదులు కడుతున్నాయి, మరుగుదొడ్లు కడుతున్నాయి. కొన్ని నెలల జీతాలకూ ఒక కార్యకర్తకూ అందులోంచి కేటాయించడానికి చట్టం అడ్డురాకపోవచ్చు. తోటి కార్మికులకు అతని కేసు గురించి చెప్పాలా వద్దా అన్నది మాత్రం అతనికే వదలాలి. సూపర్‌వైజర్‌కూ హెచ్ఆర్‌లో ఒకరికీ తెలిస్తే చాలు.

చివరికి మిగిలేది అనుభవ పత్రం. ఆరు నెలలు వేళకు వచ్చి, లెక్క తప్పకుండా పనిచేసిన మనిషి తర్వాతి కంపెనీకి చూపించేది అదే. ఆ పత్రం జైళ్ల శాఖ ముద్రతో ఉంటే చదివినవాడి కన్ను ముద్ర మీదే ఆగుతుంది, ఆరు నెలల సంగతి దాకా వెళ్లదు. చమురు కంపెనీ పేరుతోనో, నైపుణ్య శిక్షణ సంస్థ పేరుతోనో, పని ఇచ్చిన ఫ్యాక్టరీ పేరుతోనో అదే పత్రం ఇస్తే అందులో అబద్ధమేమీ ఉండదు. చేసిన పని, చేసిన కాలం, తీసుకున్న జీతం, హాజరు అందులో ఉంటాయి. హెచ్ఆర్ గుమస్తాకు చట్టప్రకారం తెలియాల్సినవి వెరిఫికేషన్‌లో ఎలాగూ తెలుస్తాయి.